చెవికి తోడు లెక్క

మనుష్యుని చెవి గొప్ప సాధనము. చీకటిలో అడుగుల చప్పుడు విని, వచ్చుచున్నది తల్లియని పసిబిడ్డ గుర్తించును. వీధి చివర నాదస్వరము మ్రోగుచుండగా, అరుగుమీద కూర్చుండిన వృద్ధుడు అది ఏ కీర్తనమో చెప్పగలడు. పల్లవి సగము వినకముందే పాటను పట్టువారు ప్రతి గ్రామమునందును కలరు. అయినను ఈ చెవికి ఒక బలహీనత కలదు. పేరు ముందుగా తెలిసినచో చెవి ఆ పేరు చెప్పినట్లే వినును. గొప్ప విద్వాంసుడు పాడుచున్నాడనినచో సామాన్యమైన పాటయు మధురముగా తోచును. ఎవరో అనామకుడు పాడుచున్నాడనినచో మధురమైన పాటయు సామాన్యముగా తోచును.

ఈ బలహీనతను ఆధారము చేసికొని ఇంగ్లండు దేశమున ఒక పెద్ద మోసము కొన్ని సంవత్సరములు సాగెను. దానిని బయటపెట్టినది అంకెల వరుసలను అంకెల వరుసలతో పోల్చు ఒక లెక్క. ఆ లెక్క ఎట్టిదో, దానిని నమ్ముటకు ముందు ఎట్లు పరీక్షింపవలెనో తెలిసికొనుట అవసరము. ఏలయన, నేడు పాటలను, మాటలను పోల్చి చూచు పనిని మనుష్యులు యంత్రములకు అప్పగించుచున్నారు.

జాయిస్ హాటో అను నామె 1928వ సంవత్సరమున లండను నగరమున జన్మించెను. ఆమె పియానో వాయించుటలో శిక్షణ పొంది, యౌవనమున కచేరీలు చేసెను. కొన్ని రికార్డులు కూడ ఇచ్చెను. విద్యార్థులకు పాఠములు చెప్పెను. కాని మొదటి శ్రేణి కళాకారిణి యను పేరు ఆమెకు రాలేదు. 1970 దశకము తరువాత ఆమె వేదిక నెక్కలేదు. ఆమె భర్త విలియం బారింగ్‌టన్ కూప్ రికార్డుల వ్యాపారము చేయువాడు. ఆమె వృద్ధాప్యమున, ఆయన నడుపు కాన్సర్ట్ ఆర్టిస్ట్ అను సంస్థ ఆమె పేర సీడీలను వరుసగా విడుదల చేయ నారంభించెను. బీథోవెన్, మోజార్ట్, షోపాన్, లిస్ట్, రక్మనినాఫ్ మొదలైన మహాకర్తల రచనలు పెక్కు ఆ సీడీలలో చేరెను. వాటి సంఖ్య నూటికి మించెను.

వ్యాధితో బాధపడుచు, లోకమునకు కనబడక, ఇంటియందే ఉండి ఇంతటి సాధన చేసిన వృద్ధురాలి కథ విని శ్రోతలు కరగిపోయిరి. పత్రికలలో ఆమెను గూర్చి వ్యాసములు వెలువడెను. విమర్శకులు ఆమె వాదనమును ఆకాశమున కెత్తిరి. ఒకే స్త్రీ ఇన్ని రకముల రచనలను, ఇన్ని భిన్నరీతులలో, ఇంత నిర్దుష్టముగా వాయించుట సాధ్యమా యని కొందరు సందేహించిరి. కాని సందేహము సాక్ష్యము కాదు. 2006వ సంవత్సరము జూను నెలలో హాటో మరణించెను. పత్రికలు ఆమెను ఘనముగా స్మరించెను.

ఆమె మరణించిన కొన్ని మాసములకు, అనగా 2007వ సంవత్సరారంభమున, అమెరికాలోని ఒక శ్రోత హాటో పేర వెలువడిన సీడీ నొకదానిని తన కంప్యూటరులో పెట్టెను. అందు హంగేరీ దేశీయుడైన లిస్ట్ రచించిన పండ్రెండు కఠినమైన అభ్యాస రచనలు కలవు. తెరమీద హాటో పేరు కనబడలేదు. లాస్లో షిమోన్ అను మరియొక పియానో విద్వాంసుని పేరు కనబడెను.

కంప్యూటరునకు ఆ పేరు ఎట్లు తెలిసెను? అది సంగీతమును వినలేదు. సీడీలో ఏ అంశము ఎంతసేపు నడచునో తెలుపు పట్టిక యుండును. ఆ పట్టికలో ఒక్క సెకనును 75 భాగములుగా విభజించి లెక్కింతురు. గ్రేస్‌నోట్ అను సంస్థ లక్షలకొలది సీడీల కాలపట్టికలను సేకరించి యుంచినది. లోపల పెట్టిన సీడీయొక్క కాలముల వరుస, దాచియుంచిన ఏ వరుసతో సరిపోవునో చూచి, ఆ పేరును తెరమీద చూపును. ఇచ్చట హాటో సీడీలోని కాలముల వరుస షిమోన్ సీడీలోని వరుసతో సరిపోయినది.

ఒక్క అంశముయొక్క కాలము మరియొక దానితో సరిపడుట వింత కాదు. నాలుగు నిమిషముల పాటలు లోకమున లెక్కలేనన్ని కలవు. కాని పెక్కు అంశములు, అదే క్రమమున సరిపడుట వింత. ఒక్క అంకె ఏమియు చెప్పదు. అంకెల వరుస చాల సంగతులు చెప్పును. ఈ పాఠమునకు మూలసూత్రము ఇదియే.

శ్రోత ఆ సంగతిని ఒక సంగీత విమర్శకునికి తెలిపెను. ఆ విమర్శకుడు రెండు సీడీలను పక్కపక్కన పెట్టి వినెను. పిదప గ్రామఫోన్ అను ఆంగ్ల సంగీత పత్రికకు వార్త చేరెను. పత్రికవారు తొందరపడి నేరము మోపలేదు. పాత రికార్డులను శుభ్రపరచుటలో నిపుణుడైన ఆండ్రూ రోజ్ అను నతనికి ఆ ధ్వనులను పంపిరి. ఆయన రెండు వాదనముల ధ్వనితరంగములను కంప్యూటరులో ఒకదానిపై నొకటి పెట్టి చూచెను. ఆ సీడీలోని పెక్కు అంశములందు తరంగములు ఒక్కటిగా కలిసిపోయెను. ఇతర సీడీలను పరీక్షింపగా, కొన్నిటిలో దొంగిలించిన వాదనముయొక్క వేగమును కావలెనని మార్చినట్లును తేలెను. ఒక అంశమునందు ఆ మార్పు సుమారు నూటికి పదునైదు వంతులుండెను. దొంగ తన అడుగుజాడలను చెరిపివేయ యత్నించెననుటకు అది గుర్తు.

ఇదే సమయమున లండను విశ్వవిద్యాలయమునకు చెందిన రాయల్ హాలోవే కళాశాలలో వేరొక పరిశోధన జరుగుచుండెను. నికొలస్ కుక్, క్రెయిగ్ సాప్ అను పండితులు షోపాన్ రచించిన మజుర్కాలను గూర్చి పనిచేయుచుండిరి. మజుర్కా అనునది పోలండు దేశపు నృత్యగతిలో నడచు రచన. దానికి మూడు దెబ్బల తాళము. ఒకే మజుర్కాను పలువురు కళాకారులు ఎట్లు వాయించిరో తెలిసికొనుటకై వారు ప్రతి రికార్డులోను ప్రతి దెబ్బకు పట్టిన కాలమును కొలిచి వరుసగా వ్రాసిరి. పిదప ఆ వరుసలను ఒకదానితో నొకటి పోల్చిరి. వారికి దొంగను పట్టు ఉద్దేశము లేదు. కాని హాటో పేరుగల వరుస, యూజెన్ ఇంజిచ్ అను కళాకారుని వరుసతో అసాధారణముగా ఏకీభవించెను. ఇంజిచ్ 1947వ సంవత్సరమున బెల్‌గ్రేడు నగరమున జన్మించి, అమెరికాలో పెరిగి, ఫ్రాన్సులో స్థిరపడినవాడు. ఆయన వాయించిన మజుర్కాలే హాటో పేర అమ్ముడుపోవుచుండెను.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. ఇద్దరు ఒకే రచనను వాయించినపుడు స్వరములు ఒక్కటియే కదా! వరుసలు కలియుటలో వింత యేమి?

దీనికి సమాధానము పాఠశాలలోనే దొరకును. ఇద్దరు బాలురు పరీక్షలో ఒకే లెక్కకు ఒకే సరియైన సమాధానము వ్రాసినచో ఉపాధ్యాయుడు అనుమానింపడు. సరియైన సమాధానము ఒక్కటియే యుండును గదా. కాని ఇద్దరి పత్రములలోను అదే మెట్టున అదే తప్పు, అదే కొట్టివేత, అదే అక్షరలోపము కనబడినచో ఉపాధ్యాయుడు కళ్ళజోడు సవరించుకొనును. తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితులకును ఈ సూత్రము తెలియును. రెండు ప్రతులలో ఒకే లేఖక దోషము అదేచోట కనబడినచో, వాటిలో ఒకటి రెండవదానికి నకలని గాని, రెండును ఒకే మాతృకనుండి పుట్టినవని గాని వారు ఊహింతురు.

సంగీతమునను అంతే. స్వరములు రచయితవి, అవి అందరికిని సమానము. కాని ఏ దెబ్బను కొంచెము సాగదీయవలెను, ఎచ్చట ఊపిరి తీసికొన్నట్లు ఆగవలెను, ఏ స్వరమును మెత్తగా తాకవలెను అనునవి వాయించువానివి. అవి అతని చేవ్రాలు వంటివి. సెకనులో పదియవ వంతు, ఇరువదియవ వంతు తేడాలతో నడచు ఆ చేవ్రాలును ఇంకొకరు పూర్తిగా అనుకరింపజాలరు. అదే కళాకారుడు మరునాడు వాయించినను అది అట్లే రాదు. కావున ఆ సూక్ష్మమైన వరుస ఆద్యంతము కలిసినచో, అవి రెండు వాదనములు కావు. ఒకే వాదనమునకు రెండు పేర్లు.

కుక్, సాప్ పండితులు కొన్ని రికార్డులనే శ్రమపడి కొలిచిరి. వేలకొలది పాటలుగల భాండాగారమున ఈ పోలికను వెదకవలెనన్నచో ఆ పనిని యంత్రమే చేయవలెను. దాని విధానమును తెలిసికొనుట కష్టము కాదు.

మొదట ధ్వనిని అంకెలుగా మార్చవలెను. సీడీలో ఒక్క సెకనుకు 44,100 పర్యాయములు ధ్వనియొక్క బలమును కొలిచి అంకెలుగా వ్రాసియుందురు. ఇన్ని అంకెలను నేరుగా పోల్చుట వృథాశ్రమ. కావున ధ్వనిని చిన్న చిన్న తునకలుగా, ఉదాహరణకు సెకనుకు పదింటి చొప్పున, విభజింతురు. ప్రతి తునకయందును ఏ స్వరస్థానము ఎంత బలముగా పలుకుచున్నదో గణితమార్గమున లెక్కింతురు. కర్ణాటక సంగీతమున ఒక స్థాయికి పండ్రెండు స్వరస్థానములు కలవు. పాశ్చాత్య సంగీతమునందును స్థాయికి మెట్లు పండ్రెండే. కావున ప్రతి తునకకును పండ్రెండు అంకెలు వచ్చును. వీటిని ఆ తునకయొక్క లక్షణములందురు. పాట యంతయు ఇట్టి లక్షణముల వరుసగా మారును. అట్టి వరుసలను పేర్లతో సహా దాచియుంచిన చోటు లక్షణ భాండాగారము.

ఒక్క తునకను పోల్చిన ప్రయోజనము లేదు. "క" అను అక్షరము ఏ పుస్తకమునందైనను దొరకును. "కలువ" అను మాట కొన్నిచోట్లనే దొరకును. ఒక పూర్తి వాక్యము ఒక్కచోటనే దొరకవచ్చును. అట్లే మూడు సెకనుల ధ్వనిని, అనగా ముప్పది తునకలను, ఒక వరుసగా తీసికొని వెదకినచో పోలికకు అర్థము కలుగును. ముప్పది తునకలకు పండ్రెండేసి చొప్పున 360 అంకెలు.

పోల్చు పద్ధతిని చిన్న ఉదాహరణముతో చూడవచ్చును. భాండాగారమున ఒక పాట యున్నదనుకొనుడు. తునకకు ఒక్క అంకె మాత్రమే యుండి, ఆ వరుస 2, 4, 4, 7, 5, 4 అనుకొనుడు. వెదకవలసిన వరుస 4, 7, 5. దీనిని పాటయొక్క మొదటి స్థానమున ఉంచి, అంకెల తేడాలను వర్గము చేసి కూడవలెను. మొదటి స్థానమున 2, 4, 4 కలవు. తేడాలు 2, 3, 1. వర్గముల మొత్తము 4+9+1, అనగా 14. రెండవ స్థానమున 4, 4, 7 కలవు, తేడాలు 0, 3, 2, మొత్తము 13. మూడవ స్థానమున 4, 7, 5 కలవు, మొత్తము 0. నాల్గవ స్థానమున 7, 5, 4 కలవు, తేడాలు 3, 2, 1, మొత్తము 14. కావున పోలిక మూడవ స్థానమున దొరకినది. మొత్తము ఎంత తక్కువైన పోలిక అంత దగ్గర. యంత్రము చేయు పని ఇంతే. అది పెద్ద అంకెలతో, అతి వేగముగా చేయును.

వేగముగా చేయుట వేరు, సరిగా చేయుట వేరు. యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువాడు మనుష్యుడు, మనుష్యుడు పొరపడును. పొరపాటుగల యంత్రము తప్పుడు సమాధానమునుకూడ నిబ్బరముగా చెప్పును. దానికి తడబాటు లేదు. కావున యంత్రమును వాడుటకు ముందు పరీక్షింపవలెను. పరీక్షకు మొదటి నియమము, సమాధానము ముందే తెలిసిన ప్రశ్నలను అడుగుట. పై చిన్న ఉదాహరణము అందులకు మిక్కిలి ఉపయోగపడును. చేతితో లెక్కించి 14, 13, 0, 14 అని తెలిసికొనిన పిదప యంత్రమును అడిగినచో, అది వేరు సమాధానము చెప్పిన క్షణముననే దోషము బయటపడును. లండనులోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో ఆడియోడీబీ అను పేర ఇట్టి భాండాగారమును నిర్మించినవారు, దానితోబాటు ఇట్టి చిన్న చిన్న పరీక్షల సముదాయమునుకూడ సిద్ధము చేసిరి.

పరీక్షలు పలు విధములు. ఉన్నదానిని వెదకుట మొదటిది. భాండాగారములోని పాటనుండియే ఒక ముక్కను తీసి వెదకుమన్నచో, భేదము సున్నయని, స్థానము ఇదియని యంత్రము చెప్పవలెను. తనను తాను గుర్తింపలేని యంత్రము ఇతరులను గుర్తింపజాలదు. స్థానము ఒక్క అంకె అటునిటు చెప్పినను అది తప్పే. లెక్కను సున్ననుండి మొదలుపెట్టవలెనా, ఒకటినుండి మొదలుపెట్టవలెనా అను చోట యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయువారు తరచుగా తడబడుదురు.

లేనిదానిని వెదకుట రెండవది. భాండాగారమున లేని పాటను ఇచ్చి వెదకుమన్నపుడు "లేదు" అని యంత్రము చెప్పగలుగవలెను. ఎప్పుడును ఏదో యొక పేరు చెప్పు యంత్రము అపాయకరము.

అంచుల పరీక్ష మూడవది. పై ఉదాహరణమున ఆరు అంకెల పాటలో మూడు అంకెల వరుస నాలుగు స్థానములలో మాత్రమే ఇమిడియుండును. ఐదవ స్థానమున రెండు అంకెలే మిగులును. అజాగ్రత్తగా వ్రాసిన యంత్రము మూడవ అంకెకై పక్కనున్న వేరొక పాటలోనికి పోవును. అపుడు ఒక పాట తోకకు మరియొక పాట తలను అతికించి, లోకమున లేని పాటను కనుగొంటినని చెప్పును. మూడు అంకెలకంటె పొట్టియైన పాటయే యున్నచో ఏమి చేయునో అదియు చూడవలెను.

నిశ్శబ్ద పరీక్ష నాల్గవది. ప్రతి రికార్డునకు మొదటను చివరను కొంత నిశ్శబ్దముండును. ఒక నిశ్శబ్దము మరియొక నిశ్శబ్దముతో చక్కగా సరిపోవును. దానినిబట్టి రెండు పాటలు ఒక్కటే యనుట హాస్యాస్పదము. ఇంతేకాక, ఒకే వాదనమును హెచ్చు ధ్వనితోను తగ్గు ధ్వనితోను ముద్రింపవచ్చును గనుక, పోల్చుటకు ముందు అంకెలనన్నిటిని ఒకే కొలతకు తెత్తురు. అందులకు వరుసయొక్క మొత్తము బలముతో భాగింపవలెను. నిశ్శబ్దమునకు బలము సున్న. సున్నతో భాగించుట తగదని చిన్న తరగతులలోనే నేర్పుదురు. కావున బలము లేని ముక్కలను ముందే తొలగించు ఏర్పాటు యంత్రమునకు ఉండవలెను. ఉన్నదో లేదో పరీక్షింపవలెను.

మార్పు పొందినదానిని వెదకుట ఐదవది. హాటో సీడీలలో కొన్నిటి వేగము మార్చబడినదని పైన చెప్పబడినది. వేగము మారినచో తునకలు ఒకదాని కెదురుగ ఒకటి నిలువవు, భేదము పెరుగును. కావున పరీక్షించువారు తెలిసియే ఒక పాటను కొంచెము సాగదీసియు, కొంచెము కుదించియు, గొంతు మార్చియు యంత్రమునకు ఇచ్చి, ఎంత మార్పువరకు అది గుర్తుపట్టునో, ఎచ్చట ఓడిపోవునో వ్రాసికొనవలెను. సాధనముయొక్క బలము తెలియుట ఎంత అవసరమో, దాని హద్దు తెలియుటయు అంత అవసరము.

వేగమును గూర్చిన పరీక్ష ఇంకొకటి కలదు. వేయి పాటలు, ఒక్కొక్కటి మూడు నిమిషములు అనుకొనుడు. సెకనుకు పది తునకల చొప్పున పాటకు 1,800. మొత్తము 18 లక్షల తునకలు. ప్రతి స్థానమునను 360 అంకెలను పోల్చవలెను గనుక, ఒక్క ప్రశ్నకు సుమారు 64 కోట్ల 80 లక్షల తీసివేతలు. పాటలు లక్షలైనచో ఈ పని మిక్కిలి పెరుగును. కావున ఒక అడ్డదారిని కనిపెట్టిరి. పోలికగల వరుసలు ఒకే బుట్టలో పడునట్లు ముందుగా వేరుపరచి, ఆ బుట్టలో మాత్రమే వెదకుదురు. కాని అడ్డదారిన పోవువానికి కొన్ని ఇండ్లు కనబడవు. అట్లే ఈ పద్ధతి కొన్ని పోలికలను విడిచిపెట్టవచ్చును. అందుచేత చిన్న భాండాగారమున రెండు దారులను నడిపి చూతురు. నెమ్మది దారి కనుగొన్న పోలికలలో దగ్గరదారి ఎన్నిటిని విడిచినదో లెక్కించి, ఆ నష్టము సహింపదగినదో కాదో నిర్ణయింతురు.

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. భేదము సున్నయైనచో ఒకే వాదనమని చెప్పవచ్చును. కాని సీడీనుండి సీడీకి ముద్రించునపుడు చిన్న మార్పులు రాకమానవు గనుక అచ్చమైన సున్న దొరకుట అరుదు. మరి ఎంత భేదమువరకు "ఒకటే" యనవలెను? ఎంత దాటిన "వేరు" అనవలెను?

దీనికై మూడు కుప్పలను సిద్ధము చేయుదురు. ఒకే వాదనమునకు రెండు ముద్రణములు మొదటి కుప్ప. ఒకే రచనను వేర్వేరు కళాకారులు వాయించినవి రెండవ కుప్ప. వేర్వేరు రచనలు మూడవ కుప్ప. ప్రతి కుప్పలోని జంటలకు భేదమును లెక్కించి పట్టిక వేసినచో, మొదటి కుప్పలో భేదము మిక్కిలి తక్కువగాను, రెండవదానిలో మధ్యమముగాను, మూడవదానిలో ఎక్కువగాను ఉండవలెను. మొదటి కుప్పకును రెండవ కుప్పకును నడుమ గీటు గీయవలెను. ఆ గీటును మరీ క్రిందికి గీసినచో దొంగ తప్పించుకొనును. మరీ పైకి గీసినచో గురువు వాయించిన బాణీని శ్రద్ధతో అనుసరించిన శిష్యుడుకూడ దొంగయనిపించుకొనును. ఈ రెండు తప్పులలో ఒకదానిని తగ్గింపబోయిన రెండవది పెరుగుచుండును. కావున గీటును గీయువాడు యంత్రమునకు గాక న్యాయమునకు జవాబుదారి.

భాండాగారము పెరిగినకొలది మరియొక చిక్కు పుట్టును. వేయిమందిలో ఒక మనిషి పోలిక మరియొకనికి కనబడుట అరుదు. కోటిమందిలో వెదకినచో ఎవడో యొకడు పోలికగలవాడు దొరకును. అట్లే పెద్ద భాండాగారమున యాదృచ్ఛికముగా తక్కువ భేదముగల వరుస దొరకవచ్చును. అందువలన, సంబంధము లేని పాటలనుండి కేవలము యాదృచ్ఛికముగా ఎంత తక్కువ భేదము రావచ్చునో మొదట తెలిసికొని, దానికంటె బాగుగ తక్కువైనపుడే పోలికయని చెప్పవలెను. మైకేల్ కేసీ, క్రిస్టోఫ్ రోడ్స్, మాల్కం స్లానీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 2008వ సంవత్సరమున ప్రకటించిన ఒక వ్యాసములో ఈ మార్గమునే విచారించిరి. వారు పరిశీలించిన సంగీతమున షోపాన్ మజుర్కాలును కలవు.

ఇంతటి జాగ్రత్త ఏల యని కొందరడుగవచ్చును. పోలిక వెదకు యంత్రము చెప్పు ఒక్క మాట ఒక మనిషి పేరును నిలుపును, లేదా కూల్చును. హాటో విషయమున ఒక కాలపట్టికను చూచియే తీర్పు చెప్పినచో, పట్టికలో ఎవరో పేరు తప్పు వ్రాసిరని ప్రతివాదులు చెప్పియుందురు; అట్టి తప్పులు నిజముగానే జరుగును. కాని కాలపట్టిక ఒకటి, ధ్వనితరంగముల పోలిక రెండు, దెబ్బల కాలముల పోలిక మూడు. వేర్వేరు మనుష్యులు వేర్వేరు కొలతలతో పరీక్షింపగా అన్నియు ఒకే మోసమును చూపెను. అపుడే సందేహము సాక్ష్యముగా మారినది.

2007వ సంవత్సరము ఫిబ్రవరి నెలలోనే బారింగ్‌టన్ కూప్ తన తప్పును ఒప్పుకొనెను. షిమోన్ వాదనమును ప్రకటించిన స్వీడన్ దేశపు బిస్ సంస్థ అధిపతికి ఆయన ఉత్తరము వ్రాసెను. వ్యాధి బాధవలన భార్య వాయించునపుడు మూలుగులు వినబడెడివనియు, వాటిని కప్పుటకు ఇతరుల రికార్డులలోని ముక్కలను అతికింప మొదలిడి, క్రమముగా పెద్ద భాగములనే తీసికొంటిననియు, ఈ సంగతి ఆమెకు తెలియదనియు ఆయన చెప్పెను. ఆ మాటలలో నిజమెంతయో ఏ యంత్రమును చెప్పజాలదు. రెండు ధ్వనులు ఒక్కటియని మాత్రమే అది చెప్పును. ఎవరు చేసిరి, ఎందుకు చేసిరి, ఎవరికి ఎంతవరకు తెలియును అను ప్రశ్నలు దాని హద్దునకు ఆవల నున్నవి. అవి మనుష్యులు విచారింపవలసినవి.

ఈ కథలో గుర్తుంచుకొనదగిన సంగతి ఇంకొకటి కలదు. రక్మనినాఫ్ రచన నొకదానిని అసలు కళాకారుని పేర విన్నపుడు అంతగా మెచ్చుకొనని విమర్శకుడే, అదే వాదనమును హాటో పేర విన్నపుడు మిక్కిలి కొనియాడెను. ఆయన చెవి చెడ్డది కాదు. పేరు ఆ చెవిని మోసగించినది. అంకెలకు పేర్లు తెలియవు. కీర్తి తెలియదు, జాలి తెలియదు. అందువలననే అవి చెవికి తోడుగ నిలువగలవు. కాని అంకెలను వరుసపెట్టి పోల్చు యంత్రమును చేసినవాడు మనుష్యుడే గనుక, దానినికూడ పేరు చూచి నమ్మరాదు. తెలిసిన ప్రశ్నలతో, లేని పాటలతో, అంచులతో, నిశ్శబ్దముతో, మారువేషములతో దానిని పరీక్షించి, నిలిచినపుడే నమ్మవలెను.

లాస్లో షిమోన్, యూజెన్ ఇంజిచ్ మొదలైనవారు ఏండ్లకొలది సాధనచేసి సంపాదించిన చేవ్రాలు కొంతకాలము మరియొకరి పేర చెలామణి యయ్యెను. ఓపికతో చేసిన లెక్క దానిని తిరిగి వారి పేర వ్రాసినది.

ప్రశ్నలు

1. హాటో సీడీలోని కాలముల వరుస ఏ సంగతిని సూచించినది? అది ఒక్కటియే సాక్ష్యముగా ఏల చాలదు?

2. ఇద్దరు బాలుర సమాధాన పత్రముల ఉదాహరణము సంగీతమునకు ఎట్లు వర్తించును?

3. భాండాగారములోని వరుస 3, 1, 6, 2, 5. వెదకవలసిన వరుస 6, 2. ఎన్ని స్థానములలో పోల్చవచ్చును? ప్రతి స్థానమునను వర్గముల మొత్తమును కనుగొనుడు.

4. నిశ్శబ్ద పరీక్షయు, అంచుల పరీక్షయు ఏల అవసరము?

5. "గీటును గీయువాడు యంత్రమునకు గాక న్యాయమునకు జవాబుదారి." ఈ వాక్యమును సొంతమాటలలో వివరింపుడు.